అమ్మాయిల జట్లు – మగ కోచ్‌లు

మా అమ్మాయి హైస్కూల్ సాకర్ జట్టుకి కోచ్ మగాయన. కాలేజీలు చూడ్డానికి వెళ్తే అక్కడా చాలాచోట్ల అంతే. మొదట్నుంచీ ఇలా లేదు. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చేనాటికి అమెరికా కాలేజీల్లో అమ్మాయిల జట్లకి నూటికి తొంభైకి పైగా ఆడవాళ్ళే కోచ్‌లు. 2014 నాటికి నూటికి 43. ఆడే అమ్మాయిలు పెరిగారు, నేర్పే ఆడవాళ్ళ వాటా సగానికి పడిపోయింది!

జీతాలు పెరిగేసరికి మగవాళ్ళూ ఈ ఉద్యోగాలకి రావడం ఒక కారణం. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది పరిచయాల సంగతి. 1971లో పుట్టిన ఏ.ఐ.ఏ.డబ్ల్యు. సంఘాన్ని ఆడవాళ్ళే నడిపేవారు. దేశంలోని కోచ్‌లు ఒకరికొకరు తెలిసేది ఆ సమావేశాల్లోనే. 1981-82లో ఎన్.సి.ఏ.ఏ. అమ్మాయిలకీ పెద్ద పోటీలు పెట్టి, జట్ల ప్రయాణఖర్చులు తానే ఇస్తానంది. కాలేజీలు అటు వెళ్ళిపోయాయి. 1982లో బాస్కెట్‌బాల్‌కి ఇద్దరు జాతీయ విజేతలు: అటు లూసియానా టెక్, ఇటు రట్గర్స్. ఆ తర్వాత పాత సంఘం లేదు. కోర్టుకెళ్ళినా లాభం లేకపోయింది.

కాలేజీల్లో కూడా ఆడవాళ్ళ క్రీడావిభాగాల్ని మగవాళ్ళ విభాగాల్లో కలిపేశారు. డైరెక్టరుగా ఉన్నావిడ చాలాచోట్ల అసిస్టెంటయింది. ఖాళీ వస్తే కొత్త డైరెక్టరు తనకు తెలిసినవాళ్ళకే ఫోన్ చేస్తాడు. మనలో ఎంతమందికి రిఫరల్ లేకుండా ఉద్యోగం వచ్చింది చెప్పండి?

అయోవాలో మాత్రం క్రిస్టిన్ గ్రాంట్ 2000లో రిటైరయ్యేదాకా ఆడవాళ్ళ విభాగం విడిగానే ఉంది. 1982 ఎన్.సి.ఏ.ఏ. ఫైనల్లో ఓడిన చిన్న కాలేజీ చెయ్నీ స్టేట్ కోచ్ వివియన్ స్ట్రింగర్‌ని మరుసటేడు అయోవాకి తీసుకొచ్చింది ఆవిడే. 1993లో ఆ జట్టు ఫైనల్ ఫోర్‌కి వెళ్ళింది.