పికప్ వాహనం కొనేముందు: బరువు, దారి, మనుషుల లెక్క

కూరగాయల రైతు, సిమెంటు దుకాణదారు, టెంటు సామాను అద్దెకిచ్చే వ్యాపారి, పాల కేంద్రం నిర్వాహకుడు... వీరందరికీ పికప్ వాహనమే జీవనాధారం, అదే ఇంటి బండి కూడా. తెల్లవారుజామున మార్కెట్‌కు సరుకు చేర్చిన వాహనమే సాయంత్రం ఇంటి పనులకు బయలుదేరుతుంది. ఇంతటి బాధ్యత మోసే వాహనాన్ని చాలామంది మైలేజీ, నెలసరి కిస్తీ అనే రెండు అంకెలు చూసి ఎంచుకుంటున్నారు. నమ్మకమైన బండి అంటే ఫలానా సంస్థ తయారుచేసినది అని కాదు. మోయాల్సిన బరువుకు, తిరగాల్సిన దారికి, ఎక్కాల్సిన మనుషులకు సరిపోయేదే నమ్మకమైన బండి. ఈ మూడింటిలో ఏ ఒక్క లెక్క తప్పినా మంచి పేరున్న వాహనం సైతం మరమ్మతుల షెడ్డుకు, ఒక్కోసారి న్యాయస్థానానికి చేరుతుంది.

దేశంలో లభించే రకాలు

2005లో టాటా మోటార్స్ ‘ఏస్’ను విడుదల చేయడంతో చిన్న సరుకు వాహనాల విపణి స్వరూపం మారింది. మూడు చక్రాల ట్రాలీ ఆటోకు, పెద్ద లారీకి మధ్యనున్న ఖాళీని అది పూరించింది. ‘చోటా హాథీ’ అన్న ముద్దుపేరూ సంపాదించుకుంది. ఇదే తరగతిలో 2016లో మారుతి సుజుకి ‘సూపర్ క్యారీ’ ప్రవేశించింది. ఈ తరగతి వాహనాల మోత సామర్థ్యం స్థూలంగా 600 నుంచి 1,000 కిలోలు. ఇరుకు వీధులకు, పట్టణంలో ఇంటింటికీ సరుకు చేరవేయడానికి ఇవి అనువైనవి.

రెండో తరగతి ఒకటి నుంచి రెండు టన్నుల వరకు మోసే పికప్‌లది. మహీంద్రా బొలెరో పికప్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్, 2019లో వచ్చిన టాటా ఇంట్రా, టాటా యోధా ఈ కోవలోనివి. పల్లె నుంచి మార్కెట్ యార్డుకు, జిల్లా కేంద్రం నుంచి మండలాలకు సరుకు చేర్చే పనిలో ఎక్కువగా కనిపించేవి ఇవే.

రెండు వరుసల సీట్లున్న వాహనాలది మూడో తరగతి. వీటిలోనూ రెండు రకాలున్నాయి. మహీంద్రా బొలెరో క్యాంపర్, ఇసుజు ఎస్-క్యాబ్ వంటివి పనికోసం రూపొందినవి. ఇసుజు వి-క్రాస్, 2022లో భారత్‌కు వచ్చిన టొయోటా హైలక్స్ సొంత వినియోగానికి ఉద్దేశించిన ఖరీదైన వాహనాలు. ఇసుజు పికప్‌లు 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలోనే తయారవుతున్నాయి. వి-క్రాస్, హైలక్స్ చూపులకు భారీగా ఉన్నా, సరుకు మోయడంలో వాటి ధరలో సగం కూడా లేని సింగిల్ క్యాబిన్ పికప్‌కు సాటిరావు. పైగా వీటి పొడవు ఐదు మీటర్లకు మించి ఉంటుంది. ఇంటి ముందు నిలిపే చోటు, వీధి మలుపు కొలుచుకున్న తర్వాతే వీటి గురించి ఆలోచించడం మేలు.

మొదట బరువు లెక్క

ప్రతి వాహనానికీ స్థూల వాహన బరువు అనే పరిమితి ఉంటుంది. బండి సొంత బరువు, ఇంధనం, డ్రైవర్, సహాయకుడు, సరుకు అన్నీ కలిపి ఆ అంకె దాటకూడదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఇది, ఖాళీ బండి బరువు రెండూ నమోదై ఉంటాయి. ఈ రెండింటి మధ్య తేడాయే మనం మోయగలిగిన మొత్తం. చాసిస్ కొని విడిగా ఇనుప బాడీ కట్టించుకుంటే, ఆ బాడీ బరువు కూడా ఇందులోంచే పోతుంది. సీఎన్‌జీ సిలిండర్లూ అంతే. సూపర్ క్యారీ పెట్రోలు రకానికి 740 కిలోల సామర్థ్యం ఉండగా, సీఎన్‌జీ రకానికి అది 625 కిలోలు.

కంటి అంచనా ఇక్కడ తరచు మోసం చేస్తుంది. పరుపులు, పత్తి, ఖాళీ ట్రేలు వంటివి బరువు పరిమితి చేరకముందే బాడీని నింపేస్తాయి. వీటికి టన్నులకన్నా బాడీ పొడవు, ఎత్తు ముఖ్యం. సిమెంటు, ఇనుము, ఇసుక ఇందుకు పూర్తిగా భిన్నం. 50 కిలోల సిమెంటు బస్తాలు 26 ఎక్కిస్తే 1,300 కిలోలు అయిపోతాయి. బాడీలో మాత్రం ఇంకా బోలెడు చోటు కనిపిస్తుంది. ఎనిమిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పున్న బాడీలో ఒక్క అడుగు ఎత్తు పొడి ఇసుక పోస్తే దాదాపు రెండు టన్నులు తూగుతుంది. తడి ఇసుక అంతకంటే బరువు. బాడీ సగం నిండకముందే బండి పరిమితి దాటిపోయినట్టే.

పరిమితి మించితే మొదట దెబ్బతినేవి కమాన్ పట్టీలు, క్లచ్ ప్లేటు, టైర్లు, బ్రేకులు. బండి కుంగకుండా అదనపు పట్టీ వేయించడం పలుచోట్ల పరిపాటిగా మారింది. దానివల్ల బండి నిటారుగా నిలబడుతుందే తప్ప బ్రేకుల పట్టు, ఇరుసు బలం, టైర్ల సామర్థ్యం రవ్వంతైనా పెరగవు. పల్లంలో ఆపాల్సి వచ్చినప్పుడే ఆ సంగతి తెలుస్తుంది. చట్టపరంగానూ ఇది ఖరీదైన పొరపాటు. మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షన్ ప్రకారం అధిక బరువుకు 20 వేల రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2 వేల రూపాయల చొప్పున జరిమానా పడుతుంది. అదనపు సరుకు దించేవరకు బండిని కదలనివ్వరు.

అందువల్ల రోజువారీ లోడును తూకం వేయించి, దానిపై అయిదో వంతు వెసులుబాటు ఉండేలా వాహనాన్ని ఎంచుకోవాలి. 25 కిలోల టమాటా ట్రేలు రోజూ 40 తీసుకెళ్లే రైతు మోసేది వెయ్యి కిలోలు. ఆయనకు 1,200 కిలోలకు పైబడి మోయగల పికప్ అవసరం. ఏడాదిలో పది రోజులు మాత్రమే వచ్చే భారీ లోడు కోసం పెద్ద బండి కొనడంకన్నా, ఆ పది రోజులకు అద్దె లారీ మాట్లాడుకోవడమే లాభం.

దారిని బట్టి ఇంధనం

2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాలతో డీజిల్ వాహనాల స్వభావం మారింది. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే వడపోత పరికరం వీటిలో ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే ఇంజిన్ కొంతసేపు ఏకధాటిగా, తగినంత వేడిమీద నడవాలి. రోజంతా రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగుతూ, నిదానంగా తిరిగే బండికి ఆ అవకాశం దొరకదు. వడపోత మూసుకుపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకపోతే ఇంజిన్ శక్తి తగ్గి, ఖరీదైన మరమ్మతు తప్పదు. కొన్ని రకాల్లో యూరియా ద్రావణాన్ని కూడా క్రమం తప్పక నింపాల్సి ఉంటుంది.

కాబట్టి రహదారిపై దూర ప్రయాణాలు, నిండు లోడు ఉన్నవారికి డీజిల్ ఇప్పటికీ అనుకూలం. పట్టణంలో తక్కువ దూరాలు తిరిగేవారు పెట్రోలు, సీఎన్‌జీ, విద్యుత్ వాహనాలను పరిశీలించాలి. సీఎన్‌జీ అయితే రోజూ వెళ్లే దారిలో బంకు ఉందా, అక్కడ వరుసలో ఎంతసేపు వేచి ఉండాలి అన్నది ముందే చూసుకోవాలి. విద్యుత్ వాహనాల్లో 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీకి ధ్రువీకరించిన ప్రయాణ దూరం 154 కిలోమీటర్లు. నిండు లోడుతో, ఎత్తుపల్లాల దారిలో అంత దూరం రాదు. రోజువారీ తిరుగుడు అందులో మూడింట రెండొంతులు మించని వారికి, రాత్రి సొంత స్థలంలో చార్జింగ్ పెట్టుకోగలిగిన వారికి ఇది సరిపోతుంది.

ఇంటి అవసరాలకూ వాడాలనుకునేవారు మరో విషయం గమనించాలి. నిండు బరువును దృష్టిలో పెట్టుకుని అమర్చిన కమాన్ పట్టీలు ఖాళీ బండిలో గట్టిగా ఎగురుతాయి. వానలో తడిసిన రోడ్డుపై, నల్లరేగడి బాటపై ఖాళీ బండి వెనుక చక్రాలు జారే అవకాశం ఎక్కువ. అందుకే కొనేముందు ఖాళీగా ఒకసారి, సగం పైగా లోడుతో మరోసారి నడిపి చూడాలి.

వెనుక మనుషులు ఎక్కకూడదు

పెళ్లికి, జాతరకు, మిరప కోతలకు పికప్ వెనుక మనుషులను ఎక్కించడం తెలుగు రాష్ట్రాల్లోనే కాదు, దేశమంతటా కనిపించే దృశ్యం. బండి బోల్తా పడితే పట్టుకోవడానికి ఆధారం, సీటు బెల్టు, పైకప్పు ఏవీ ఉండవు. ప్రమాదం తర్వాత కుటుంబాలకు ఎదురయ్యే రెండో దెబ్బ బీమాది. సరుకు వాహనంలో ఉచితంగా ఎక్కిన ప్రయాణికులకు పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థకు లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో స్పష్టం చేసింది. సరుకు యజమాని లేదా ఆయన ప్రతినిధికి మాత్రమే చట్టం రక్షణ కల్పించింది. మిగిలినవారి విషయంలో పరిహారం భారం వాహన యజమాని ఆస్తిపై పడే ప్రమాదం ఉంది.

సరుకుతోపాటు నలుగురు పనివారు రోజూ వెళ్లాల్సిన గుత్తేదారులు, ఎలక్ట్రీషియన్లు, బోరు మెకానిక్‌లు తొలుతే రెండు వరుసల సీట్ల వాహనం తీసుకోవడం శ్రేయస్కరం. సరుకు సామర్థ్యం కొంత తగ్గినా, అయిదుగురు సీట్లలో కూర్చుని ప్రయాణించవచ్చు. కుటుంబ ప్రయాణమే ప్రధానమైతే పికప్‌కు బదులు ప్రయాణికుల వాహనమే కొనాలి.

పత్రాలు, లైసెన్సు

స్థూల బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనాలకు మోటారు వాహనాల చట్టంలోని 66వ సెక్షన్ పర్మిట్ నుంచి మినహాయింపు ఇచ్చింది. పలు పికప్‌ల స్థూల బరువు మూడు వేలకు కొద్దిగా లోపు ఉండటానికి కారణం ఇదే. అంతకు మించిన బండి కొంటే పర్మిట్ ఖర్చు, దాని గడువు గుర్తుంచుకోవాలి. సరుకు రవాణాకు నమోదైన వాహనానికి పసుపు నంబరు ప్లేటు, విద్యుత్ వాహనమైతే పసుపు అక్షరాల ఆకుపచ్చ ప్లేటు ఉంటాయి. సొంత వాహనంగా తెల్ల ప్లేటుతో నమోదైన పికప్‌ను కిరాయికి తిప్పితే జరిమానాతోపాటు బీమా క్లెయిము తిరస్కరణకూ అవకాశం ఉంటుంది.

కొత్త రవాణా వాహనానికి తొలి రెండేళ్లు ఫిట్‌నెస్ ఉన్నట్టే పరిగణిస్తారు. ఆ తర్వాత ఎనిమిదేళ్ల వయసు వచ్చేవరకు రెండేళ్లకోసారి, అటుపైన ఏటా పరీక్ష చేయించాలి. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను ప్రత్యేక అనుమతి లేకుండా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పునిచ్చింది. కారు లైసెన్సుతో పికప్ నడపవచ్చా అన్న చిరకాల సందేహానికి దీంతో తెరపడింది.

కిస్తీ లెక్క

సరుకు రవాణా వాహనాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారులు తమ వ్యాపారానికి కొన్న సరుకు వాహనంపై చెల్లించిన పన్నును నిబంధనల మేరకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా పొందవచ్చు.

అయితే అసలు భారం రుణానిది. ఉదాహరణకు 8 లక్షల రూపాయలు 11 శాతం వార్షిక వడ్డీకి అయిదేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు సుమారు 17,400 రూపాయలు కట్టాలి. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు 5.80 రూపాయలు కిస్తీకే పోతాయి. 1,500 కిలోమీటర్లే తిరిగితే అది 11.60 రూపాయలు. నెలకు 25 పనిదినాలు అనుకుంటే, బండి ఆగిన ప్రతిరోజూ దాదాపు 700 రూపాయల కిస్తీ ఆదాయం లేకుండానే గడిచిపోతుంది. లీటరుకు కిలోమీటరు మైలేజీ తేడా కన్నా, విడిభాగం కోసం బండి నాలుగు రోజులు ఆగడమే ఎక్కువ నష్టం. అందుకే సర్వీసు కేంద్రం 30, 40 కిలోమీటర్ల లోపు ఉందా, క్లచ్ ప్లేటు, బ్రేకు లైనింగులు స్థానిక దుకాణాల్లో దొరుకుతాయా అని విచారించాలి. మన మార్గంలోనే అదే బండి నడుపుతున్న ఇద్దరు ముగ్గురు డ్రైవర్లను అడిగితే షోరూంలో చెప్పని సంగతులు తెలుస్తాయి.

పాత బండి కొంటుంటే

చాసిస్‌పై అతుకులు, కొత్తగా వేసిన రంగు, అదనంగా చేర్చిన కమాన్ పట్టీలు అధిక లోడుతో తిరిగిన బండికి ఆనవాళ్లు. ఇంజిన్ పూర్తిగా చల్లారిన సమయంలో వెళ్లి స్టార్ట్ చేయించాలి. నీలి పొగ ఇంజిన్ ఆయిల్ కాలుతోందని, ఆగకుండా వచ్చే తెల్ల పొగ కూలెంట్ లీకు కావచ్చని సూచిస్తాయి. టైర్లు ఒకవైపే అరిగి ఉంటే ఇరుసు లేదా చాసిస్ వంకర తిరిగిందేమో పరీక్షించాలి. బీఎస్-6 డీజిల్ వాహనంలో డీపీఎఫ్‌ను తొలగించలేదని నిర్ధారించుకోవాలి.

పత్రాల్లో చాసిస్, ఇంజిన్ నంబర్లు బండిపై ఉన్నవాటితో సరిపోవాలి. ఫైనాన్స్ సంస్థ పేరు రిజిస్ట్రేషన్‌లో ఉంటే ఫారం-35తో దాన్ని తొలగింపజేయాలి. వేరే రాష్ట్రపు బండికి నిరభ్యంతర పత్రం అవసరం. పెండింగ్ చలాన్లు, పన్ను బకాయిలు, ఫిట్‌నెస్ గడువు చూసిన తర్వాతే డబ్బు చెల్లించాలి. యాజమాన్య బదిలీకి ఫారం-29, ఫారం-30 సమర్పించి, బీమా పాలసీ బదిలీకి 14 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి.

బయానా ఇచ్చేముందు నాలుగు అంకెలు ఒక కాగితంపై రాసుకుంటే నిర్ణయం తేలికవుతుంది: రోజువారీ లోడు ఎన్ని కిలోలు, రోజుకు ఎన్ని కిలోమీటర్లు, బండిలో ఎక్కేది ఎందరు, కిస్తీ పోగా చేతికి మిగిలేది ఎంత. ఈ నాలుగింటికీ సరిపోయే వాహనమే కొనదగినది. ఏ ఒక్క అంకె సరిపోకపోయినా ఆ బండిని పక్కనపెట్టి మరో రకాన్ని చూడటమే మంచిది.