తల లేనిదొకటి, తోక లేనిదొకటి

గుంటూరులో ముప్ఫై ఏళ్లు రక్తపరీక్షల ల్యాబుల్లో పనిచేశాను. తొలి రోజుల్లో హెచ్‌డీఎల్ చూడాలంటే సీరంలో ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లం, మెగ్నీషియం కలిపిన రీఏజెంట్ వేసేవాళ్లం. సీరం విరిగిన పాలలా తెల్లబడేది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ అడుగున ముద్దకట్టేవి. పైన తేటలో హెచ్‌డీఎల్ మిగిలేది. ఆ తేటలో కొలెస్ట్రాల్‌ను మోసే ప్రధాన ప్రోటీన్ అపోలైపోప్రోటీన్ ఏ-1. దాని రూపం కోసం జరిగిన వెతుకులాట నాకు మా ఇంటి కథలాగే అనిపిస్తుంది.

అది 243 అమైనో ఆమ్లాల గొలుసు. ఒంట్లోని కణాల నుంచి కొలెస్ట్రాల్ అందుకుని కాలేయానికి చేర్చడంలో దానిదే పెద్ద చెయ్యి. 1974లో జెరె సెగ్రెస్ట్ బృందం ఈ జాతి ప్రోటీన్ల గుట్టు ఒకటి ఊహించింది: గొలుసులోని మెలికలకు ఒక పక్క నీటితో పొత్తు, రెండో పక్క కొవ్వుతో పొత్తు.

కష్టమంతా అక్కడే వచ్చింది. కొవ్వు దొరకనప్పుడు ఈ ప్రోటీన్ కుదురుగా ఉండదు, తోటి అణువులకు అతుక్కుంటుంది. స్ఫటికం కట్టాలంటే కోటానుకోట్ల అణువులు బడి ప్రార్థనలో పిల్లల్లా ఒకే తీరున వరసకట్టాలి. అప్పుడే ఎక్స్ కిరణాలు వాటి మీద పడి చుక్కలు చుక్కలుగా చెదురుతాయి. ఆ చుక్కల నుంచి లెక్కకట్టి రూపం రాబడతారు.

అమెరికాలో అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్. అక్కడ డేవిడ్ బొర్హానీ, క్రిస్టీ బ్రూలెట్, వాళ్ల సహచరులు గొలుసు మొదట్లో 43 అమైనో ఆమ్లాలు తీసేసి, మిగిలిన 200తో స్ఫటికం కట్టించారు. 1997లో బొమ్మ అచ్చయింది. ఒక్కో అణువూ గుర్రపు లాడంలా వంగి ఉంది, నాలుగేసి కలిసి పెనవేసుకున్నాయి. స్పష్టత 4 ఆంగ్‌స్ట్రామ్‌లు. అంటే మెలికలు కడ్డీల్లా ఆనతాయి గానీ, వాటి పక్క కొమ్మలు మసకే. ఆ మసకను వాళ్లు దాచలేదు. కత్తిరించిన ప్రోటీన్ అని వ్యాసం పేరులోనే పెట్టారు.

2006లో అదే ఊరి విశ్వవిద్యాలయం నుంచి ఇంకో బొమ్మ వచ్చింది. ఏమీ కత్తిరించని నిండు గొలుసు, 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టత. మరుసటి ఏడాది, ఆ బొమ్మ గీసిన ప్రయోగశాలదే మరో రక్త ప్రోటీన్ నిర్మాణం మీద వేరే శాస్త్రవేత్తలు ప్రశ్నలు లేవనెత్తారు. ప్రోటీన్ స్ఫటికంలో దాదాపు సగం నీళ్లే ఉంటాయి, ఆ నీటి జాడ కొలతల్లో తెలిసి తీరాలి. అందులో తెలియలేదు. పైగా అణువుల పొరలు ఒకదాన్నొకటి తాకడమే లేదు. ఇటుక వరసలు గాల్లో తేలుతుంటే గోడ నిలుస్తుందా? విశ్వవిద్యాలయం విచారణ జరిపి, 2009లో ఆ ప్రయోగశాలకు చెందిన 11 నిర్మాణాలు కల్పించినవే కావచ్చని ప్రకటించింది. ఏ-1 నిండు బొమ్మ కూడా ఆ పదకొండులో ఉంది.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొత్తగా పనిలో చేరిన ఏడాది, ఒక ల్యాబ్‌లో, సెంట్రిఫ్యూజ్ ఆగిపోయిన సాయంత్రం, ఒక పెద్దాయన హెచ్‌డీఎల్ రిపోర్టులో "నలభై రెండు వేసెయ్యి, ఏం కాదు" అన్నారు పై ఆయన. వేశాను. మర్నాడు పొద్దున్నే ఆ పెద్దాయన ఇంటికెళ్లి, "బాబాయిగారూ, నిన్నటి రిపోర్టు తప్పు, ఇంకొంచెం రక్తం ఇవ్వాలి" అన్నాను. ఆయన మారుమాట లేకుండా చొక్కా చెయ్యి మడిచారు. సూది గుచ్చుతుంటే నా వేళ్లు వణికాయి.

2011లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో షియావోహు మెయ్, డేవిడ్ అట్కిన్సన్ రెండో కొసన 59 అమైనో ఆమ్లాలు తీసేసి, 2.2 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ఇంకో బొమ్మ తెచ్చారు. రెండు అణువులు ఎదురెదురుగా జతకూడి అర్ధచంద్రంలా వంగాయి. కొవ్వు బిళ్ల చుట్టూ ఈ ప్రోటీన్ ఎలా చుట్టుకుంటుందో ఆ వంపు చూస్తే మనసుకి అందుతుంది.

ల్యాబ్ పని నేర్చుకునే పిల్లలకు ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. తల లేనిదొకటి, తోక లేనిదొకటి. దేనిలో ఏ ముక్క తీసేశారో కింద రాసి ఉంటుంది. ముందు ఆ వాక్యం చదవమంటాను.