గుత్తి వకీలు సాబ్
మా ఆత్మకూరులో వకీలు అనగానే జమీన్ల తగాదాలే గుర్తొస్తాయి. గుత్తి కేశవ పిళ్లై సాబ్ వేరే రకం. 1860లో పుట్టారు. 1885లో బొంబాయిలో కాంగ్రెస్ తొలి జల్సాకు వెళ్లారు, తర్వాత మద్రాసు కౌన్సిల్ దాకా ఎదిగారు. ఆ హోదాలకన్నా నాకు హంపన్న కిస్సాయే పెద్దది.

1893. గుంతకల్లు దగ్గర గోరా సిపాయిలు తరుముతుంటే ఇద్దరు ఆడవాళ్లు రైల్వే గేటు గదిలో పనాహ్ తీసుకున్నారు. గేటుమన్ హంపన్న వాళ్లకు అడ్డం నిలబడ్డాడు. తుపాకీ గుండుకు జాన్ పోయింది. మద్రాసు అదాలత్ సిపాయిని బరీ చేసేసింది. ముకద్దమా ఖతం అనుకున్నారు. పిళ్లై సాబ్ అనుకోలేదు. ‘హిందూ’ అఖ్బారులో ఆ జుల్మ్ గురించి రాశారు. (అఖ్బారు మనిషిగా నాకిక్కడ కొంచెం రష్క్.) హంపన్న యాద్‌లో జనం చందాలతో గుత్తిలో రాయి నిలిపారు. అందులో ఆడవాళ్లను కాపాడి చనిపోయాడని చెక్కించారు.