చికిత్సకుడా, శిక్షకుడా?

మనస్సు చెదరినవానికి నేడు మన పట్టణములందు రెండు తలుపులు కనబడుచున్నవి. ఒకదానిపై మనోచికిత్స యనియు, రెండవదానిపై లైఫ్ కోచింగ్ అనియు వ్రాసియుండును. చూచుటకు రెండింటిలోను జరుగునది యొక్కటే: ఇరువు రెదురెదురుగా గూర్చుండి మాటలాడుదురు, గంట గడచును, రుసుము చెల్లును. మొదటి తలుపు చెంత నిలిచినచో ఇరుగుపొరుగువారు పిచ్చియందురేమో యని జంకి, రెండవ తలుపు తట్టు కుటుంబములు పెక్కు గలవు. ఈ రెండు వృత్తులును ఎట్లు పుట్టినవో యెరిగినగాని ఈ జంకు విలువ యెంతయో తేలదు.

మాటలచేత చికిత్స చేయుట యను పద్ధతికి ఆ పేరు పెట్టినది వైద్యుడు కాదు, రోగియే. 1880 వ సంవత్సరాంతమున వియన్నా నగరమందు జోసెఫ్ బ్రాయర్ అను వైద్యుని చికిత్సకు వచ్చిన బెర్తా పాపెన్‌హైమునకు అప్పటికి ఇరువదియొక యేండ్లు. తండ్రి రోగశయ్యకడ రాత్రింబవళ్లు పరిచర్య చేసి చేసి ఆమె తానే పడిపోయెను. అవయవములు స్వాధీనము దప్పెను. మాతృభాషయగు జర్మనును మరచి ఇంగ్లీషుననే మాటలాడజొచ్చెను. ప్రతిసాయంకాలమును తన మనస్సున మెదలిన దెల్ల బ్రాయరుతో చెప్పుకొనినప్పుడు ఆమెకు బాధ కొంత తీరుచుండెను. దీనికే ఆమె మాటల చికిత్స యని పేరిడెను. పరిహాసమునకు పొగగొట్టము తుడుచుట యనియు ననెను. 1895 లో బ్రాయరును ఫ్రాయిడును కలసి ప్రకటించిన గ్రంథమున ఆమె కథ మారుపేరుతో వెలువడినది.

ఆ గ్రంథము చదివినవారికి ఆమె పూర్తిగా స్వస్థురాలైనట్లే తోచును. కాని 1882 జూలైలో ఆమెను స్విట్జర్లాండునందలి యొక చికిత్సాలయమునకు పంపవలసి వచ్చినది. తరువాత కొన్నియేండ్లకు కోలుకొని, 1904 లో జర్మనీలోని యూదు స్త్రీలకై యొక సంఘమును, 1907 లో దిక్కులేని బాలికలకై యొక గృహమును స్థాపించి, స్త్రీలను విక్రయించు దుర్వర్తకముతో జీవితాంతము పోరాడెను. ఆమెను లేవనెత్తినది చికిత్సయా, కాలమా, తాను చేపట్టిన కార్యమా యని పండితు లిప్పటికిని వాదించుచునే యున్నారు. మాటల చికిత్స మంత్రము కాదని దాని తొలికథయే చెప్పుచున్నది.

పిమ్మట, ఈ చికిత్స చేయుట కెవరర్హులు అను తగవు పుట్టెను. థియోడోర్ రైక్ ఫ్రాయిడు శిష్యుడు. సాహిత్యమును మనశ్శాస్త్రమును చదివి పండితపట్టము పొందినవాడే గాని వైద్యుడు కాడు. వైద్యపట్టము లేక చికిత్స చేయుట ఆస్ట్రియాలో నేరము. అతనిపై అభియోగము రాగా ఫ్రాయిడు 1926 లో ఒక చిన్న గ్రంథమునే వ్రాసి అడ్డుపడెను. మరుసటియేట అభియోగము వీగిపోయినది. ఫ్రాయిడు వాదము రెండంచుల కత్తి. తగిన శిక్షణ పొందినవాడు వైద్యుడు కాకున్నను విశ్లేషణ చేయవచ్చును. శిక్షణ లేనివాడు వైద్యుడైనను కపటవైద్యుడే. అయినను మొదటి పరీక్ష మాత్రము వైద్యుడే చేసి, బాధ శరీరవ్యాధివలన కలిగినది కాదని తేల్చవలెనని ఆయన పట్టుబట్టెను. థైరాయిడు గ్రంథి మందగించినను మనిషి నీరసించి దిగులుపడును. ఆ దిగులును ఎంతటి వక్తృత్వమును తీర్చలేదు.

అమెరికాలో 1942 నాటికి కార్ల్ రోజర్స్ రోగి యను మాటను తొలగించి, న్యాయవాదులు వాడు క్లయింటు శబ్దమును ముందుకు దెచ్చెను. మాట చిన్నదే. కాని చికిత్సకుని గదిలోనికి రోగి యనిపించుకొనకయే పోవచ్చునను భావము దానివలన బలపడినది.

ఇక కోచ్ అను మాట. హంగరీలో కోచ్ అను గ్రామము కలదు. పదునైదవ శతాబ్దమున అచట చేసిన బండ్లకు ఆ ఊరిపేరే నిలిచినది. 1830 ప్రాంతమున ఆక్స్‌ఫర్డు విద్యార్థులు, పరీక్ష గట్టెక్కించు ఉపాధ్యాయుని పరిహాసముగా ఆ బండితో పోల్చిరి. ఆపైని ఆటల శిక్షకుడును కోచ్ అయ్యెను. అమీరుపేటలోను విజయవాడలోను కోచింగ్ అన్నప్పుడు మనవారు గ్రహించునది ఈ ఆక్స్‌ఫర్డు అర్థమే! తిమోతి గాల్వే 1974 లో టెన్నిసు గూర్చి వ్రాయుచు, ఆటగాని ముఖ్యశత్రువు అతని తలలోనే యున్నాడనెను. ఆ భావమును జాన్ విట్‌మోర్ అను పూర్వపు మోటారుపందెగాడు వ్యాపారస్థుల కందించెను. థామస్ లెనర్డ్ అను ఆర్థికసలహాదారుడు 1992 లో ఈ విద్యకు పాఠశాలయు, 1995 లో అంతర్జాతీయ సంఘమును నెలకొల్పెను. చికిత్స ఆసుపత్రినుండి వచ్చినది. శిక్షణ ఆటస్థలమునుండియు అంగడినుండియు వచ్చినది.

బండి యెక్కువాడు గమ్యము నెరిగియుండవలెను. కూర్చుండు శక్తియు నుండవలెను. ఉద్యోగము మార్చుకొనదలచినవానికి, సభలో మాటలాడ జంకువానికి, మంచి శిక్షకుడు నిజముగా నుపకరించును. అట్టివానిని చికిత్సకు పంపుట వృథావ్యయము. కాని నెలలతరబడి నిద్రాహారములు తప్పి, బ్రదుకు నిష్ప్రయోజనమని పలుకు బిడ్డకు ఉదయము లేవగనే చేయవలసిన పనుల పట్టిక యిచ్చిన నేమగును? చేయలేని ప్రతిపనియు వానిపై మరియొక నేరమై నిలుచును. శిక్షకుడు క్రూరుడు కాడు. వాని పనిముట్టు వేరు.

మరియొక భేదము కూడ గలదు. మనదేశమున క్లినికల్ సైకాలజిస్టులను రిజిస్టరులో చేర్చుటకు 1992 నాటి చట్టము దారితీసెను. 2017 నాటి మానసిక ఆరోగ్యచట్టము రోగి రహస్యములను కాపాడుటను హక్కుగా జేసెను. లైఫ్ కోచ్ అను పలక కట్టుకొనుటకు మాత్రము పట్టము గాని అనుమతి గాని యక్కరలేదు. కావున ఏమి చదివితిరి, ఎవరికి జవాబుదారులు, మావాడు జబ్బుపడినవాడని తోచినచో ఎవరియొద్దకు పంపుదురు అని ముందుగా నడుగుట అవమానము కాదు. కోచింగువారి అంతర్జాతీయ సంఘము సయితము, తమ పరిధి దాటినవారిని తగినవారియొద్దకు పంపవలెనని తన సభ్యులకు విధించియున్నది. మూడవ ప్రశ్నకు తడబడు శిక్షకుడు తన సంఘపు నియమమే యెరుగడన్నమాట.

వీధిలోని తలుపు తట్టుటకు జంకువారికి 2022 అక్టోబరునుండి మరియొక తలుపు తెరచియున్నది. 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో ప్రభుత్వమువారి టెలి మానస్ సేవయందు శిక్షణ పొందిన సలహాదారు తెలుగుననే పలుకును. రుసుము లేదు, పేరు చెప్పుకొనవలసిన నిర్బంధమును లేదు.