నోరు ఎండిపోతే పళ్లు ఎందుకు పుచ్చుతాయి?

పిప్పిపన్ను అనగానే అందరూ మిఠాయిలనే తిట్టుకుంటారు. నోట్లో ఊరే ఉమ్మిని ఎవరూ పట్టించుకోరు. ఒకే ఇంట్లో ఒకే తిండి తినే ఇద్దరిలో ఒకరి పళ్లు పుచ్చి, ఇంకొకరివి బాగుండటానికి లాలాజలం కూడా ఒక కారణం.

ఆరోగ్యంగా ఉన్నవారి నోట్లో రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. తిన్న తీపిని పళ్ల మీది పాచిలో ఉండే బాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ సుమారు 5.5 కన్నా కిందికి దిగితే పంటి పైపొర ఎనామిల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ తీపిని కడిగేస్తుంది. అందులోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని విరిచేస్తుంది. పోయిన ఖనిజాలను మళ్లీ పంటికి అందిస్తుంది. అయితే ఈ పనికి అరగంట నుంచి గంట పట్టొచ్చు. గంటకోసారి చక్కెర చాయ్ తాగేవారి నోటికి ఆ తీరిక ఎక్కడిది? తీపి తినాలనుకుంటే భోజనంతో పాటు ఒకేసారి తినేయడం నయం.

నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల పై ముందుపళ్లు మొదట పాడయ్యేది అందుకే. రోజాలో పగలు నోరు ఎండినా, తిండి ఉండదు కాబట్టి ఆమ్లం తయారవడానికి కొత్తగా తీపి అందదు. అసలు చిక్కు ఇఫ్తార్ నుంచి సహరీ దాకా ఆగకుండా తాగే షర్బత్‌లతోనే. సహరీలో ఖీర్ తిని అలాగే పడుకోవడం ఇంకా చెడ్డది. సమయం ముగిసేలోపే బ్రష్ చేసుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్లకు ముప్పు ఎక్కువ. అలర్జీ మాత్రలు, డిప్రెషన్ మందులు, కొన్ని బీపీ మాత్రలు నోటిని ఎండగొడతాయి. అదుపులో లేని షుగర్ కూడా అంతే. పైగా వయసుతో చిగుళ్లు జారి బయటపడ్డ పంటి వేరు ఎనామిల్ కన్నా తేలిగ్గా కరుగుతుంది. నీళ్లు లేకుండా రొట్టె ముక్క మింగలేకపోతున్నారా, రాత్రిళ్లు నాలుక అంగిలికి అతుక్కుంటోందా, గమనించండి. మందులు సొంతంగా మానేయొద్దు, మార్చే వీలుందేమో డాక్టరును అడగండి.

నోరు ఎండుతోందని పిప్పరమెంట్లు చప్పరించేవారు చాలామంది. అది మంటలో నూనె పోయడమే. దానికి బదులు నీళ్లు గుటకలుగా తాగండి, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలండి. మిస్వాక్ నమిలినా ఉమ్మి ఊరుతుంది, పాచి పోతుంది. దాంతో పాటు ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోవాలి. నోరు ఎప్పుడూ పొడిగానే ఉండేవారికి డెంటిస్టులు పళ్లకు ఫ్లోరైడ్ వార్నిష్ కూడా పూస్తారు.