దురద బిళ్ళ, నిద్దర బిళ్ళ

మా కోటబొమ్మాళిలో ఒంటిమీద దద్దుర్లు లేస్తే అందరూ అడిగే చిన్న బిళ్ళ సీపీఎం, అంటే క్లోర్‌ఫెనిరమైన్. దీని వంశం 1937లో మొదలైంది. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డేనియల్ బోవే, ఆన్ మరీ స్టౌబ్ హిస్టమిన్‌ను అడ్డుకునే మొదటి పదార్థం కనిపెట్టారు. అది విషం కావడంతో మనుషులకు పనికిరాలేదు. 1942లో వాడదగ్గ మందు వచ్చింది. 1957లో బోవేకి నోబెల్ వచ్చింది.

హిస్టమిన్ చర్మంలో దురద పుట్టిస్తుంది. మెదడులో మాత్రం మనల్ని మెలకువగా ఉంచుతుంది. ఈ పాతరకం మందులు మెదడులోకీ వెళ్ళి, దురదతో పాటు ఆ మెలకువనీ అణిచేస్తాయి.

డాక్టరు చెప్పినట్టే నేను ఆరేళ్ళు రాత్రిపూట ఈ బిళ్ళ వేసుకున్నాను. దద్దుర్లు తగ్గాయి. తెల్లారేసరికి మాత్రం తల దిమ్ము, నోరు పిడచకట్టడం. పొయ్యిమీద పాలు పొంగిపోయేవి. "కోడలికి బద్ధకం" అన్న మాట ఇంట్లో స్థిరపడిపోయింది.

మెదడులోకి అంతగా చేరని రకాలు 1980ల నుంచే ఉన్నాయి. మరో డాక్టరమ్మ అలాంటిది రాశారు. వారంలో తల తేలికపడింది. మా అత్తగారు నన్ను చూసి, "అయితే ఆ నిద్దర మందుదేటమ్మా!" అన్నారు.

మీ ఇంట్లో ఎవరైనా ఏళ్ళ తరబడి దురద బిళ్ళ వేసుకుని మగతగా ఉంటే బద్ధకమనకండి. బిళ్ళ పేరు చూసి, డాక్టర్ని అడగండి. పెద్దవాళ్ళయితే ఆ మగతలో తూలి పడిపోగలరు, మరీ జాగ్రత్త.