పదమునకు తాళపత్రము, వర్ణమెట్టునకు కంఠము

మన వాగ్గేయకారుల రచనలకు పుట్టుక ఒక్కటియే యైనను మనుగడ రెండు విధములు. సాహిత్యము తాళపత్రము నాశ్రయించినది. వర్ణమెట్టు కంఠము నాశ్రయించినది. ఈ భేదమును గుర్తింపక పదకర్తల చరిత్ర వ్రాయుట పొసగదు. కృష్ణామండలమున నిందులకు రెండు నిదర్శనములు గలవు.

మొదటిది క్షేత్రయ్య పదవాఙ్మయము. 17వ శతాబ్దికి చెందిన ఈ పదకర్త మొవ్వ గ్రామమున వెలసిన గోపాలుని పేరే ముద్రగా గ్రహించెను. మధుర, తంజావూరు, గోలకొండ ప్రభువుల కడ తాను రచించిన పదముల లెక్కను ఆయనయే యొక పదమున చెప్పుకొనెను. ఆ లెక్క నాలుగువేలు దాటును. నేడు దక్కినవి కొన్ని వందలు మాత్రమే. వ్రాతప్రతులలో పదమునకు రాగతాళముల పేర్లు కానవచ్చును గాని స్వరము కానరాదు. ఇది లేఖకుని లోపము కాదు. రాగనామము పాట నెఱిగినవానికి జ్ఞాపికయే కాని యెఱుగనివానికి బోధకము కాదు. ఒకే రాగమున పెక్కు పదములుండును. ఒక్కొక్కదాని నడక వేఱు. ఆ నడకను, గమకమును గురుముఖముననే గ్రహింపవలెను. కనుకనే తంజావూరు సంప్రదాయమునకు చెందిన వీణ ధనమ్మాళ్ (1867-1938) కుటుంబమువంటి గాయకుల కంఠములే ఈ పదములకు భాండాగారములైనవి. పదకర్త కృష్ణాతీరమువాడు; పాట నిలిచినది తమిళదేశమున.

రెండవది దీనికి ఎదురునడక. త్యాగరాజు (1767-1847) కృతులు కావేరీతీరమునుండి కృష్ణాతీరమునకు వచ్చినవి. ఆయన శిష్యుడు మానంబుచావడి వేంకటసుబ్బయ్య. వారి శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి. వారి శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు (1883-1951). విజయవాడలో పంతులుగారి కడ నేర్చినవాడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016). త్యాగరాజునకును బాలమురళికిని నడుమ ముగ్గురే గురువులు!

స్వరలేఖనము లేకపోలేదు. ఎట్టయాపురమున సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ గమకములకు సైతము చిహ్నము లేర్పఱచినది. క్షేత్రయ్య పదములు కొన్ని అందు స్వరసహితముగ నున్నవి. పాట మఱుగుపడకుండ నిలుపుటలో ఆ గ్రంథము చేసిన మేలు గొప్పది. అయినను అది నిలిపినది ఒక పాఠమును. ఆ చిహ్నములకు ప్రాణము పోయవలసినది మరల కంఠమే.

కావున పరిశోధకులు రెండు జాగ్రత్తలు పాటింపవలెను. వర్ణమెట్టు మఱుగుపడిన పదమునకు నేడు క్రొత్తగ కూర్చిన పాటను ప్రాచీనమని ప్రకటింపరాదు. అది కూర్చినవారి పేరుతోనే వెలువడవలెను. ఇక పరంపరగా వచ్చిన పాట దొరకినప్పుడు, వ్రాతప్రతికి స్థలకాలములు చెప్పినట్లే, దానికి గురుపరంపర చెప్పవలెను. పాడువారొకరు గతించినచో ఒక ప్రతి నశించినట్లే. తాళపత్రమునకు నకలు తీయవచ్చును. పాడక విడిచిన పాటకు నకలు లేదు.